స్నేహితులతో తొలి మౌంటెన్ బైక్ రేసు: ఎలా సిద్ధం కావాలి

మేం నలుగురం మొదటిసారి మట్టిదారి సైకిల్ రేసుకి వెళ్ళింది వికారాబాద్ వైపు. ల్యాప్ అంటే ఒక చుట్టు, ఐదు కిలోమీటర్లు. మొత్తం నాలుగు ల్యాపులు. రెండో ల్యాపులో మాలో ఒకడికి చైను తెగింది. నేను ఆగాను. ఇంకొకడు ఆగాలా వద్దా అని తటపటాయిస్తూ కాస్త దూరం పోయి తిరిగొచ్చాడు. నాలుగోవాడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. వాడిది తప్పు కాదు, వాడు రేసు కోసం వచ్చాడు. మాదీ తప్పు కాదు, మేం కలిసి తొక్కడానికి వచ్చాం. ఆ సంగతి ముందుగా ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే. తిరిగొచ్చేటప్పుడు కారులో రెండు గంటలు ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఆ రెండు గంటలు మీకు ఎదురవకూడదనే ఇది రాస్తున్నాను. హైదరాబాద్ చుట్టుపక్కల నేల నాకు తెలుసు కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే వస్తాయి. మీది కర్నూలైనా విశాఖైనా పద్ధతి మాత్రం ఇదే.

1. మొహమాటం లేకుండా మాట్లాడుకోండి

ఎంట్రీ ఫీజు కట్టకముందే ఒక సాయంత్రం అందరూ టీ దగ్గర కూర్చోండి. ఈ రేసుకి ఎందుకు వస్తున్నారో ప్రతి ఒక్కరూ చెప్పాలి. మెడల్ కోసమా, పోయినసారి కంటే మంచి టైం కోసమా, పూర్తి చేస్తే చాలా, లేక ఒక ఆదివారం అందరం కలిసి గడపడానికా? ఏదైనా మంచి కారణమే. మనసులో ఒకటి పెట్టుకుని పైకి "ఏదైనా ఓకే రా" అనడం దగ్గరే గొడవ మొదలవుతుంది. "నా కోసం ఆగొద్దు" అనుకునేవాళ్ళు ఆ మాట పైకి అనాలి. "నేను కొత్త, మొదటి ల్యాప్ నాతో ఉండు" అని అడగాలనుకునేవాళ్ళు సిగ్గుపడకుండా అడగాలి.

తర్వాత మూడు విషయాలు తేల్చుకోండి. సైకిల్ చెడితే ఆగాలా? మనిషి పడితే ఎవరు ఆగాలి? ఒకరు బాగా వెనకబడితే మిగిలినవాళ్ళు ఎక్కడ ఎదురుచూడాలి? మా ఒప్పందం ఇది: సైకిల్ చెడితే "ఓకేనా?" అని అడుగుతాం, "ఓకే" అంటే ఆగకుండా వెళ్ళిపోతాం. మనిషి పడితే మాత్రం ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఆగాలి, టైం సంగతి తర్వాత. వెనకబడినవాళ్ళ కోసం దారి మధ్యలో ఆగం, ఫినిష్ లైన్ దగ్గరే ఎదురుచూస్తాం.

దక్షిణాఫ్రికాలో 2004 నుంచి కేప్ ఎపిక్ అనే రేసు జరుగుతోంది. ఇద్దరిద్దరు జట్టుగా ఎనిమిది రోజులు తొక్కుతారు. ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి తేడా రాకూడదని అక్కడ నిబంధన. బలమైనవాడు బలహీనుణ్ణి వదిలి పోకుండా రేసే చూసుకుంటుందన్నమాట. మన దగ్గర ఎవరికి వారుగా పేరిచ్చుకునే రేసుల్లో ఆ కట్టుబాటు ఉండదు, మనమే పెట్టుకోవాలి.

2. మీ స్థాయికి తగిన రేసు చూసుకోండి

ఈ ఆట పుట్టిందే స్నేహితుల మధ్య. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్ళు పాత బరువైన సైకిళ్ళు కొండమీదికి చేర్చి కిందికి పందేలు పెట్టుకున్నారు. దిగేసరికి వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయేది, ప్రతిసారీ కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ, అంటే ఎక్కుళ్ళు దిగుళ్ళు కలిసిన దారిలో సాగే మౌంటెన్ బైకింగ్, చేరింది.

మొదటి రేసుకి ల్యాపులుగా తిరిగే క్రాస్ కంట్రీ మంచిది. ఏ కారణంతోనైనా మానేయాల్సి వస్తే స్టార్ట్ పాయింట్ దగ్గరలోనే ఉంటుంది. మిత్రులు ల్యాప్ ల్యాప్‌కీ కనబడతారు. ఇంటివాళ్ళు వచ్చి చూడటానికీ వీలు. ఒక చోట బయల్దేరి ఇంకో చోట ముగిసే పొడవాటి మారథాన్ రేసులు రెండో ఏడాదికి ఉంచుకోండి. సిమ్లా కేంద్రంగా 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ లాంటి రోజుల తరబడి సాగే రేసులకి ఇంకా టైం ఉంది, తొందరపడకండి.

రేసు వివరాల్లో అందరూ మొదట చూసేది దూరం. మీరు ఎత్తు చూడండి. 20 కిలోమీటర్లలో 150 మీటర్లు ఎక్కడం వేరు, 600 మీటర్లు ఎక్కడం వేరు. రెండోది గంటన్నరకి పైగా పట్టినా ఆశ్చర్యం లేదు. కటాఫ్ టైం (ఎంతలోపు పూర్తి చేయాలన్నది) ఎంత, అంబులెన్స్ ఉందా, దారి చూసుకునే నిర్వాహకుల మనుషులు, అంటే మార్షల్స్, ఎన్నిచోట్ల నిలబడతారు అన్నవి కూడా అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ రేసుకి వెళ్ళకండి. నేనైతే వెళ్ళను.

3. ఉన్న సైకిల్‌నే బాగు చేసుకోండి

రేసు పేరు చెప్పగానే కొత్త సైకిల్ కొనాలనిపిస్తుంది. వద్దు. ముందు షాక్ ఫోర్కు, రెండు డిస్క్ బ్రేకులు, గడ్డలున్న వెడల్పాటి టైర్లు ఉన్న సైకిల్ ఏదైనా మొదటి రేసుకి సరిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే మంచి హెల్మెట్, వేళ్ళు పూర్తిగా కప్పే గ్లౌజులు, కొత్త టైర్లు, ఈ వరుసలో పెట్టండి.

రెండు వారాల ముందే మెకానిక్ దగ్గర బ్రేకు ప్యాడ్లు, చైను అరుగుదల, చక్రాల వంకర చూపించండి. గేరు మార్చేటప్పుడు చైనుని జరిపే వెనక డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న లోహపు ముక్క ఉంటుంది. రాయికి తగిలితే ఫ్రేము దెబ్బతినకుండా అది వంగుతుంది. ప్రతి మోడల్‌కీ అది వేరు, అప్పటికప్పుడు దొరకదు. మీ సైకిల్‌ది ఒకటి కొని బ్యాగులో వేసుకోండి.

గుంపుగా వెళ్ళేవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి. 26, 27.5, 29 అంగుళాల చక్రాలకు ట్యూబులు వేరువేరు. వాల్వులోనూ సన్నది ఒకటి, కారు టైరుకి ఉండే లావుది ఒకటి. ఎవరిది ఏ సైజు, ఏ వాల్వు అన్నది రాసుకుని, ఎవరి ట్యూబు వాళ్ళు మోయండి. పక్కవాడి దగ్గర ఉందిలే అని వెళ్ళి, తీరా చూస్తే 29 చక్రానికి 26 ట్యూబు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్ళను చూశాను.

4. పల్లేరు కాయలకు సిద్ధంగా ఉండండి

మన నేలమీద రేసుల్లో ఎక్కువమందిని ఆపేది కొండ కాదు, ముల్లు. వానలు తగ్గాక పొలం గట్ల వెంట, గడ్డి దారుల్లో పల్లేరు కాయలు ఎండి రాలుతాయి. కాయని చేతిలోకి తీసుకుని చూడండి. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దానికి తోడు సర్కారు తుమ్మ ముళ్ళు. పొడుగ్గా, గట్టిగా, టైరు గడ్డల మధ్య పల్చటి చోట నేరుగా దిగిపోతాయి.

మంచి మార్గం ట్యూబ్‌లెస్. రిమ్, టైరు రెండూ అందుకు తగినవైతే ట్యూబు తీసేసి లోపల సీలెంట్ పోస్తారు. ముల్లు గుచ్చుకున్న చోట ఆ పాల లాంటి ద్రవం గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది. మన ఎండలకి అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి మళ్ళీ పోయాలి. ట్యూబులే వాడేవాళ్ళు ట్యూబులోకే సీలెంట్ ఎక్కించుకోవచ్చు. సన్న వాల్వు అయితే లోపలి కోర్ ఊడి వచ్చేదే కొనండి, లేకపోతే పోయడానికి దారి ఉండదు.

గాలి విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. రోడ్డు సైకిల్ అలవాటుతో రాయిలా బిగించేస్తారు. అలా చేస్తే మొరం మీద టైరు జారుతుంది, రాళ్ళమీద ఎగిరిపడుతుంది. 70 కిలోల మనిషికి, 2.2 అంగుళాల ట్యూబు టైరైతే ముందు 26, వెనక 29 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో మూడు నాలుగు తగ్గించవచ్చు. బరువును బట్టి మార్చుకోండి. మరీ తగ్గిస్తే రాతి అంచుకి కొట్టుకున్నప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీ చిల్లులు జంటగా ఉంటే ముల్లు కోసం వెతకొద్దు, గాలి పెంచండి.

5. ఎనిమిది వారాలు కలిసి తొక్కండి

వారంలో రెండు రోజులు ఎవరి వీలును బట్టి వాళ్ళు గంట గంట తొక్కండి. అందులో ఒక రోజు ఎక్కుడు మీద పెట్టండి. మూడు నాలుగు నిమిషాలు పట్టే ఎత్తు ఒకటి చూసుకుని ఐదారుసార్లు ఎక్కి దిగండి. ఆదివారం మాత్రం అందరూ కలవాలి. మట్టిదారి మీద రెండు నుంచి మూడు గంటలు. గండిపేట చెరువు చుట్టుపక్కల మట్టిబాటలు తెల్లవారుజామున బాగుంటాయి. నెలకోసారి అనంతగిరి కొండల వైపు వెళ్ళండి. మూసీ నది పుట్టేది అక్కడే. ఎర్రమట్టి, ఎక్కుళ్ళు, చెట్ల నీడ అన్నీ ఉన్నాయి. అది అటవీ ప్రాంతం కాబట్టి అనుమతి ఉన్న దారుల్లోనే వెళ్ళండి. గొర్రెల మంద ఎదురైతే పూర్తిగా ఆగి, దిగి, పక్కకి జరగండి. కాపరిని "అన్నా, ఎటు పోమంటావ్?" అని అడిగితే ఏ బాట ఎక్కడ తేలుతుందో ఆయనే చెబుతాడు.

మీరు తొక్కే నేలలు మూడు రకాలు, మూడూ తెలియాలి. మొరం మీద మలుపు తిరిగేటప్పుడు బ్రేకు మలుపుకి ముందే వేసి, లోపలికి వెళ్ళాక వదిలేయాలి. మలుపు మధ్యలో ముందు బ్రేకు నొక్కితే పడటం ఖాయం. గ్రానైట్ బండ పొడిగా ఉంటే టైరు బాగా పట్టుకుంటుంది, తడి నాచు ఉంటే దిగి నడవడమే మేలు. వాన పడ్డ రేగడిలోకి అసలు వెళ్ళకండి. పది మీటర్లలో చక్రానికి రొట్టెలా చుట్టుకుని ఫ్రేములో ఇరుక్కుంటుంది, సైకిల్‌ని భుజాన మోయాల్సి వస్తుంది.

దిగుడులో సీటు దించుకోండి. పెడల్స్ రెండూ సమానంగా ఉంచి లేచి నిలబడండి. నడుము వెనక్కి, మోచేతులు వంచి బయటికి. ఒక్కో బ్రేకు మీద ఒక్కటే వేలు, మిగతా వేళ్ళు హ్యాండిల్ పట్టుకోవడానికి. చూపు ముందు చక్రం మీద కాదు, పది పదిహేను మీటర్ల అవతల ఉండాలి. రాయినే చూస్తూ ఉంటే చక్రం రాయి మీదికే పోతుంది. ఎక్కుడు మొదలవకముందే గేరు తగ్గించండి. బరువు పడ్డాక మార్చబోతే చైను కిర్రుమని తెగేది అప్పుడే. మా వాడిది తెగింది అలాగే.

స్నేహితులతో సాధన చేస్తే దొరికే పెద్ద లాభం, దాటడం దాటనివ్వడం నేర్చుకోవడం. ఇరుకు బాట మీద ఒకరి వెనక ఒకరు వెళ్ళండి. వెనకున్నవాళ్ళు "అన్నా, రైట్ నుంచి వస్తున్నా" అని అరవాలి, ముందున్నవాళ్ళు చోటు చూసుకుని పక్కకి తగ్గాలి. పది నిమిషాలకోసారి ముందువాళ్ళు వెనక్కి మారండి. దిగుడులో మాత్రం మధ్యలో కనీసం నాలుగైదు సైకిళ్ళ పొడవు ఖాళీ వదలండి. ముందువాడు రాయి మీంచి దూకితే మీరూ దూకాలని లేదు. ప్రతి ఒక్కరూ తమ కళ్ళతో దారి చూసుకోవాలి.

6. ముందురోజు

కారులో సైకిళ్ళు పెట్టడానికి చక్రాలు ఊడదీస్తారు. హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిల్ చక్రం తీశాక పొరపాటున లివర్ నొక్కితే లోపల ప్యాడ్లు దగ్గరికొచ్చేసి, మళ్ళీ డిస్క్ లోపలికి పోదు. చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టేయండి. అగ్గిపెట్టె అట్ట చాలు.

సాయంత్రానికి అక్కడికి చేరి, అనుమతిస్తే ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగండి. ఇది తప్పనిసరి. కష్టమైన చోట ఆగి, కలిసి చూసి, ఎటు నుంచి వెళ్ళాలో ఎటు నుంచి వెళ్ళకూడదో మాట్లాడుకోండి. భయం వేసిన చోట "ఇక్కడ నేను దిగి నడుస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళకి మర్నాడు టెన్షన్ ఉండదు.

నంబర్ ప్లేటు హ్యాండిల్‌కి కట్టేటప్పుడు బ్రేకు, గేరు కేబుళ్ళు ఇరుక్కోకుండా చూడండి. దాని వెనక టైమింగ్ చిప్ ఉంటే వంచొద్దు. రాత్రి తెలిసిన తిండే తినండి. అన్నం, పప్పు, పెరుగు. దారిలో ఢాబా మసాలా కూరలు రేసు అయ్యాక తినొచ్చు.

7. రేసు పొద్దున

స్టార్ట్‌కి రెండున్నర గంటల ముందు నాలుగు ఇడ్లీలు లేదా ఉప్మా, ఒక అరటిపండు. చట్నీ తక్కువ. లైన్ దగ్గరికి వచ్చేముందు పదిహేను నిమిషాలు తొక్కి ఒళ్ళు వేడెక్కించండి. బ్రేకులు, చక్రాల బిగింపు ఒకరివి ఒకరు చూడండి. మనది మనం చూసుకుంటే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

మొదటి రేసైతే వెనక సగంలో నిలబడండి. తుపాకీ పేలగానే అందరూ ఇరుకు బాటలోకి ముందు దూరాలని పరుగెత్తుతారు, ఒకరికొకరు తగులుకుని పడేది ఆ మొదటి 500 మీటర్లలోనే. అక్కడ పోయిన అర నిమిషం తర్వాత తేలిగ్గా దొరుకుతుంది. మొదటి ల్యాప్ మొత్తం ఒక వాక్యం ఆగకుండా మాట్లాడగలిగే వేగంలోనే ఉండండి. ఊపిరి మధ్యలో తెగిపోతుంటే తగ్గించండి.

నీళ్ళు గంటకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు. ఒక బాటిల్లో మామూలు నీళ్ళు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్. లీటరు నీళ్ళ ప్యాకెట్‌ని సగం నీళ్ళలో కలపకండి, కడుపులో తిప్పుతుంది. గంట దాటే రేసైతే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. రెండు ఖర్జూరాలు, ఒక బెల్లం పల్లీ పట్టీ ముక్క జేబులో వేసుకోండి. దప్పిక వేశాక, ఆకలి వేశాక అని ఆగొద్దు. ఇరవై నిమిషాలకోసారి వాచీ చూసి తినండి, తాగండి. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చదును దారి చూసుకోండి, దిగుడులో కాదు.

దిగి నడవాల్సి వస్తే సైకిల్‌తో పాటు బాట పక్కకి తప్పుకోండి. రిబ్బన్ కట్టిన దారిని అడ్డంగా దాటి దగ్గరిదారిలో పోవద్దు, ఎవరూ చూడకపోయినా సరే.

8. పంచర్ పడితే

బాట మీద కాదు, పక్కకి వచ్చి ఆగండి. వెనక చక్రమైతే చైనుని ముందే చిన్న పళ్ళచక్రం మీదికి దింపి చక్రం ఊడదీయండి. లివర్‌తో టైరుని ఒకవైపే లేపి ట్యూబు బయటికి లాగండి. కొత్త ట్యూబు పెట్టే తొందరలో అందరూ మరిచిపోయే పని ఒకటుంది, ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది. గ్లౌజు తీసి, టైరు లోపల చుట్టూ వేలి కొసతో నెమ్మదిగా తడమండి. ఎక్కడో ఒక చోట చురుక్కుమంటుంది. బయటి నుంచి చూస్తే చిన్న నల్లచుక్క, అంతే. దాన్ని పీకి పారేసి, ఇంకో చుట్టు తడమండి, మన దారుల్లో ముల్లు ఒకటితో పోదు. కొత్త ట్యూబులో ముందు కాస్త గాలి ఊది గుండ్రంగా అయ్యాకే లోపల పెట్టండి, మెలికపడదు. ఇంట్లో వాచీ పెట్టుకుని ఐదుసార్లు చేసి చూడండి. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, ఐదోసారి ఏడు నిమిషాలకి వచ్చింది, నా లెక్క ఇది.

చైను తెగితే, విరిగిన లింకు తీసేసి, తెగిన కొసలు కలిపే క్విక్ లింకు వేస్తారు. చైను టూల్, మీ గేర్ల సంఖ్యకి సరిపోయే లింకు బ్యాగులో ఉండాలి.

9. మిత్రుడు పడితే

మీ రేసు అక్కడితో ఆగిపోయిందనుకోండి. ఒకరు పడినవాళ్ళ పక్కన ఉండాలి. ఇంకొకరు బాట వెంట కాస్త వెనక్కి పోయి వచ్చేవాళ్ళని చెయ్యెత్తి ఆపాలి. లేకపోతే దిగుడులో వచ్చేవాళ్ళు వాళ్ళ మీదే పడతారు. మూడోవాళ్ళు మార్షల్ దగ్గరికి వెళ్ళాలి, ఎవరూ దగ్గరలో లేకపోతే 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అన్నా, స్పృహ సరిగా లేకపోయినా కదపొద్దు, హెల్మెట్ లాగొద్దు, లేపి కూర్చోబెట్టొద్దు. పడినప్పుడు చెయ్యి ఆనించి పడితే మెడ కింది ఎముక విరగడం సైకిలిస్టుల్లో మామూలు. భుజం కదపలేకపోతే ఎక్స్‌రే దాకా చెయ్యి ఒంటికి ఆనించి గుడ్డతో కట్టండి.

తల నేలకి తగిలితే మీ మిత్రుడు "నేను బాగానే ఉన్నా రా, పోదాం" అనొచ్చు. వినొద్దు. తలనొప్పి, వాంతి, మాట తడబడటం, జరిగింది గుర్తు లేకపోవడం కొంతసేపటికి కూడా బయటపడవచ్చు. ఆ రోజు మళ్ళీ సైకిల్ ఎక్కనివ్వకండి, డాక్టరుకి చూపించండి. ఆ హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా పారేయండి, లోపలి థర్మాకోల్ ఒక్కసారే దెబ్బ కాస్తుంది.

10. ఫినిష్ తర్వాత

ముందు వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకుని కారులో కూర్చోవద్దు. లైన్ దగ్గరే నీళ్ళ బాటిల్ పట్టుకుని ఉండండి. చివరి ల్యాపులో ఒంటరిగా, మోకాళ్ళ దాకా మట్టితో వచ్చేవాళ్ళకి రిబ్బన్ అవతల తెలిసిన ముఖం కనిపించాలి. మా గుంపులో ఆలస్యంగా వచ్చేవాడు ఒకడున్నాడు. వాడు మలుపు తిరగగానే మేం అరిచే అరుపుకి, ఆఖరి ఎక్కుడు మీద దిగి నడుస్తున్నవాడల్లా మళ్ళీ సైకిల్ ఎక్కడం నేను నా కళ్ళతో చూశాను.

ఇంటికొచ్చాక సైకిల్‌ని బకెట్ నీళ్ళతో, బ్రష్‌తో కడగండి. కార్లు కడిగే ప్రెషర్ పంపు వాడొద్దు, హబ్బుల్లోకి నీళ్ళు పోయి బేరింగులు తుప్పుపడతాయి. చైను తుడిచి ఆరబెట్టి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. నూనె అతుక్కుని ఉంటే మట్టంతా దానికే పడుతుంది.

మర్నాడు సాయంత్రం అందరూ చిల్లుపడ్డ ట్యూబులు తెచ్చి ఒకరింట్లో కూర్చోండి. బకెట్ నీళ్ళలో ముంచి బుడగ చూసి, చిల్లు చుట్టూ స్కెచ్ పెన్నుతో గుండ్రం గీసి, ఇసుక కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, జిగురు కాస్త ఆరేదాకా ఆగి ప్యాచ్ వేసి గట్టిగా నొక్కండి. పౌడర్ చల్లి మడిచి, మీద ఎవరి సైజు ఏదో రాసి ఎవరిది వాళ్ళకివ్వండి. వచ్చే రేసు తేదీ ఆ రోజే అడగండి, ఈసారి ఎవరు ఎవరి కోసం ఆగుతారో కూడా.